అసెస్‌మెంట్ రిపోర్టులు త్వరగా రాయాలంటే: సాఫ్ట్‌వేర్‌కు ఏది అప్పగించాలి, ఏది అప్పగించకూడదు

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇది. పిల్లలకు తెలివితేటల, చదువు పరీక్షలు చేసే సైకాలజిస్టు మీరు. ఒక్కో రిపోర్టుకు రెండు సాయంత్రాలు పోతున్నాయి, పది రిపోర్టులు పేరుకుపోయాయి. పాత రిపోర్టు తెరిచి పేరు మార్చుకోమని ఒకరు, రిపోర్టు సాఫ్ట్‌వేర్ కొనుక్కోమని ఇంకొకరు, స్కోర్లు ఏఐకి ఇస్తే అదే రాసిపెడుతుందని మరొకరు చెబుతున్నారు. ఇందులో ఏది చెయ్యాలి?

పద్దెనిమిదేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ఒకప్పుడు నాకూ ఒక్కో రిపోర్టుకు ఏడెనిమిది గంటలు పట్టేది, ఇప్పుడు మూడు గంటల లోపే అవుతోంది. ఆ తేడా వేగంగా టైపు చెయ్యడం వల్ల రాలేదు. ఆలోచించాల్సిన వాక్యాలేవో, ఆలోచన అక్కర్లేనివేవో విడదీసుకోవడం వల్ల వచ్చింది. రెండో రకాన్ని మొత్తం మెషీనుకు వదిలేశాను. మొదటి రకంలో ఒక్క వాక్యాన్ని కూడా దాని చేతికి ఇవ్వను.

ముందు ఒక చిన్న పని చెయ్యండి. రాబోయే మూడు రిపోర్టులకు గడియారం పెట్టుకుని, ఏ భాగానికి ఎంతసేపు పట్టిందో పక్కన రాసుకోండి. నేను మొదటిసారి అలా రాసుకున్నప్పుడు, స్కోర్ల టేబుళ్లకు గంటన్నర, టేబులులో ఉన్న అంకెల్నే మళ్లీ వాక్యాలుగా రాయడానికి ఇంకో గంటన్నర పోతోందని తేలింది. అమ్మానాన్నలు నిజంగా చదివే చివరి రెండు పేజీల దగ్గరికి వచ్చేసరికి ఒంట్లో ఓపిక ఉండేది కాదు. మీ లెక్క వేరుగా ఉండొచ్చు. ఏదైనా కొనే ముందు అది తెలియాలి.

పాత రిపోర్టు తెరిచి పేరు మార్చే పద్ధతి గురించి గట్టిగానే చెబుతాను: మానేయండి. వృత్తిలోకి వచ్చిన మూడో ఏట నేనూ అదే చేసేదాన్ని. ఒకరోజు ఒక తల్లి ఫోన్ చేసి, చాలా మెల్లగా, "నాలుగో పేజీలో ఇంకెవరో బాబు పేరుంది, మిగతాది మా వాడిదేనా మేడమ్?" అని అడిగింది. మిగతాదంతా వాళ్ల అబ్బాయిదే. కానీ ఆ ప్రశ్న పుట్టాక ఆ రిపోర్టులో ఏ అంకెనూ ఆవిడ నమ్మలేదు, నమ్మమని అడిగే హక్కు నాకూ లేదు. పైగా ఇంకో కుటుంబం గుట్టు బయటపెట్టినట్టయింది. క్షమాపణ చెప్పి, ప్రతి స్కోరూ ఆవిడ ముందే ఒరిజినల్ ఫారాలతో సరిచూసి, కొత్త రిపోర్టు ఇచ్చాను. ఆ రాత్రే పాత రిపోర్టుల మీద రాయడం ఆపేశాను.

పాత రిపోర్టుతో అసలు చిక్కు పేరొక్కటే కాదు. అందులో ఖాళీలుండవు. ప్రతి చోటా ఏదో ఒక వాక్యం నిండుగా, నిజంలా కూర్చుని ఉంటుంది. మీరు మార్చడం మర్చిపోయిన వాక్యానికీ మార్చిన వాక్యానికీ కంటికి తేడా తెలియదు. టెంప్లేటు ఇందుకు పూర్తిగా తిరగబడి ఉండాలి: నింపనిది ఏదైనా అరిచినట్టు కనిపించాలి. నా టెంప్లేటులో ప్రతి ఖాళీ పసుపు రంగులో, రెండు నక్షత్రం గుర్తుల మధ్య ఉంటుంది. చివర్లో నక్షత్రం గుర్తు కోసం వెతికితే ఒక్కటి కూడా దొరకకూడదు. దొరికిందంటే రిపోర్టు ఇంకా అవలేదు.

దీనికి పెద్ద సాఫ్ట్‌వేరేమీ అక్కర్లేదు, వర్డ్ చాలు. ఫైలును మామూలు డాక్యుమెంటుగా కాకుండా టెంప్లేటుగా సేవ్ చెయ్యండి. అప్పుడు డబుల్ క్లిక్ చేసి తెరిచిన ప్రతిసారీ కొత్త కాపీ వస్తుంది, అసలుది చెడదు. పదేపదే వచ్చే పేరు, తేదీల వంటి వాటికి ఇన్సర్ట్ మెనూలో క్విక్ పార్ట్స్ కింద ఉండే డాక్యుమెంట్ ప్రాపర్టీ ఫీల్డులు వాడండి. ఒకచోట నింపితే అదే ఫీల్డు పెట్టిన ప్రతి చోటా మారుతుంది. ఎప్పుడూ ఒకేలా ఉండే పేరాలను సెలెక్ట్ చేసి ఆల్ట్, ఎఫ్3 నొక్కితే ఒక పేరుతో దాచుకోవచ్చు. ఆటోటెక్స్ట్ గ్యాలరీలో దాచుకుంటే, తర్వాత ఆ పేరు టైపు చేసి ఎఫ్3 నొక్కగానే పేరా మొత్తం వస్తుంది. పరీక్ష ఏం కొలుస్తుంది, పర్సెంటైల్ అంటే ఏమిటి, ఫలితాల పరిమితులేమిటి వంటివి ఇక్కడికి చెందుతాయి.

పర్సెంటైల్ పేరాను మాత్రం ఒక పూట కూర్చుని శ్రద్ధగా రాసుకోండి. 16వ పర్సెంటైల్ అని చూడగానే చాలామంది తల్లిదండ్రులు వందకు పదహారు మార్కులనుకుని హడలిపోతారు. అదే వయసు పిల్లలు వందమందిని వరసలో నిలబెడితే ఈ బిడ్డ కింద నుంచి ఎక్కడ ఉంటుందో చెప్పే అంకె అది, మార్కులు కాదు అని ఒకసారి మంచి తెలుగులో రాసి పెట్టుకుంటే వందల రిపోర్టులకు పనికొస్తుంది. నేను ఆ ఒక్క పేరాను ఐదారుసార్లు తిరగరాశాను. ప్రతిసారీ కారణం ఒకటే, చదివినవాళ్లెవరో తప్పుగా అర్థం చేసుకున్నారు.

ఇక స్కోర్లు. ఇక్కడే సాఫ్ట్‌వేర్ మీకు ఎక్కువ సమయం మిగులుస్తుంది, ఎక్కువ తప్పులూ ఆపుతుంది. ఒక ఎక్సెల్ షీటులో స్టాండర్డ్ స్కోరు (అదే వయసు పిల్లల సగటుతో పోల్చి ఇచ్చే అంకె) మాత్రం మీరు టైపు చెయ్యండి, మిగతాది అదే లెక్కవేస్తుంది. సగటు 100, స్టాండర్డ్ డీవియేషన్ (సగటు చుట్టూ స్కోర్లు ఎంత చెదిరి ఉంటాయో చెప్పే అంకె) 15 ఉన్న స్కోరుకు నార్మ్ డిస్ట్ (NORM.DIST) ఫంక్షన్‌లో స్కోరు, 100, 15, ట్రూ అని ఇస్తే 85కు 0.1587 వస్తుంది, అంటే 16వ పర్సెంటైల్. 70కి 2, 115కు 84, 130కి 98. సబ్‌టెస్టుల (పరీక్షలోని చిన్న భాగాల) స్కేల్డ్ స్కోరుకైతే 100, 15 బదులు 10, 3 పెట్టాలి, ప్రశ్నావళుల్లో ఎక్కువగా వచ్చే టీ స్కోరుకైతే 50, 10.

ఒక్క హెచ్చరిక. ఈ లెక్క స్కోర్లు గంట ఆకారపు వంపులో పంపిణీ అయినప్పుడే చెల్లుతుంది. ప్రవర్తన ప్రశ్నావళుల్లో చాలావాటికి టీ స్కోరును ఆ వంపుకు సరిచెయ్యకుండా ఉన్నదున్నట్టు మార్చి ఇస్తారు. అక్కడ టీ స్కోరు 70 అంటే 98వ పర్సెంటైలే అవ్వాలని లేదు. అలాంటి పరీక్షలకు ఫార్ములా పెట్టకండి, పరీక్షతో వచ్చే మాన్యువల్ టేబులులో చూసి చేత్తో నింపండి. నా షీటులో ఆ గడులు వేరే రంగులో ఉంటాయి, ఫార్ములా పొరపాటున కూడా అక్కడికి లాగకుండా.

వయసు విషయంలోనూ ఇలాంటి మెలికే ఉంది. పుట్టిన తేదీ, పరీక్ష తేదీ ఇస్తే ఎక్సెల్ వయసు చెబుతుంది, కానీ అది నిజమైన క్యాలెండరు లెక్క. తెలివితేటల పరీక్షలైన వెక్స్‌లర్ పరీక్షల్లో, తేదీలు తీసివేసేటప్పుడు అప్పు తెచ్చుకునే నెలకు 30 రోజులని లెక్క. అందుకని ఒకటి రెండు రోజులు తేడా రావచ్చు. అప్పుడు రిపోర్టులో వయసు, ఫారంలో వయసు వేరవుతాయి. ఫార్ములాను మాన్యువల్ పద్ధతిలోనే రాయండి.

స్కోరుకు మాటల్లో పెట్టే పేరు కూడా షీటే ఇవ్వాలి. 75 వచ్చిన బిడ్డకు 2014లో వచ్చిన విస్క్-5 (వెక్స్‌లర్ పిల్లల పరీక్ష ఐదో కూర్పు) పెట్టే పేరు వెరీ లో. అమెరికన్ అకాడమీ ఆఫ్ క్లినికల్ న్యూరోసైకాలజీ 2020లో సూచించిన పేర్లలో అదే 75 బిలో యావరేజ్. రెండూ తప్పు కాదు, కానీ ఒకే రిపోర్టులో రెండూ కలిస్తే చదివే టీచరు అవి రెండు వేర్వేరు స్థాయిలనుకుంటారు. చేత్తో రాస్తే ఇవి తప్పకుండా కలుస్తాయి. ఒక పట్టిక ఎంచుకుని, పట్టికలో వెతికి పేరు తెచ్చే వీలుకప్ (VLOOKUP) ఫంక్షన్‌తో కట్టేసి, ఏ పట్టిక వాడారో రిపోర్టులో ఒక వాక్యంలో చెప్పండి. స్కోరు చుట్టూ ఇచ్చే పరిధిని కూడా షీటుకే వదలండి. స్టాండర్డ్ స్కోరు విశ్వసనీయత (మళ్లీ కొలిస్తే ఎంత నిలకడగా వస్తుందో చెప్పే అంకె) 0.96 అయితే కొలత దోషం 3, అంటే 95 శాతం పరిధి సుమారు 6 పాయింట్లు అటూ ఇటూ. విశ్వసనీయత 0.91కి తగ్గితే ఆ పరిధి 9 అవుతుంది. ఈ సంగతి తెలిసినవాళ్లెవరూ 84కూ 88కీ మధ్య తేడా గురించి పేరా రాయరు. మాన్యువల్ కొన్ని స్కోర్లకు పరిధిని వేరే సూత్రంతో ఇస్తుంది, అప్పుడు మాన్యువల్ అంకెలనే వాడండి.

షీటు నుంచి వర్డ్‌లోకి టేబుల్ తెచ్చేటప్పుడు లింకుగా పేస్టు చెయ్యకండి. లింకు ఉన్న రిపోర్టును కాపీ చేస్తే ఆ కాపీ కూడా పాత బిడ్డ షీటునే చూస్తూ ఉంటుంది. అప్‌డేట్ నొక్కిన క్షణంలో వేరే బిడ్డ అంకెలు నిశ్శబ్దంగా వచ్చి కూర్చుంటాయి. మామూలు టేబులుగా పేస్టు చెయ్యండి, లేదా షీటులోని గడుల్ని టెంప్లేటు ఖాళీల్లో నింపే మెయిల్ మెర్జ్ వాడండి.

తెలుగులో రిపోర్టు రాసేవాళ్లకు ఇంకో సమస్య ఉంది. దాని గురించి ఇంగ్లిషు సలహాల్లో ఎక్కడా కనబడదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఇంగ్లిషు టెంప్లేటులో పేరు, హీ, షీ మారిస్తే చాలావరకు సరిపోతుంది. తెలుగులో పేరుకు విభక్తి అతుక్కుంటుంది. రవికి, సుధకు, కిరణ్‌కు. రవిని తీసేసి సుధను పెడితే చాలాచోట్ల 'సుధకి' అని మిగులుతుంది. మాటల్లో వినపడేదే అయినా, రిపోర్టులో ఒకచోట 'సుధకు', ఇంకోచోట 'సుధకి' అని ఉంటే అతుకు తెలిసిపోతుంది. అందుకని నా షీటులో పేరుకు ఒక గడి కాదు, మూడు గడులు: పేరు, పేరుకు 'కు' చేర్చిన రూపం, 'ని' లేక 'ను' చేర్చిన రూపం. మూడూ చేత్తో టైపు చేస్తాను, పది సెకన్ల పని. టెంప్లేటులో ఏ చోట ఏ రూపం కావాలో ఆ ఫీల్డే ఉంటుంది.

క్రియలు ఇంకా కష్టం. చదివాడు, చదివింది. పెద్దవాళ్ల రిపోర్టులో చదివారు అంటే చిక్కే లేదు, ఏడేళ్ల పిల్లవాడి గురించి అలా రాస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది. నిలవ ఉంచుకునే వాక్యాలను బిడ్డ కర్తగా కాకుండా కనిపించిన విషయం కర్తగా రాయడం నాకు కుదిరిన ఉపాయం. 'ఒత్తులున్న పదాల దగ్గర ఆగి ఆగి చదివాడు' అనే బదులు 'ఒత్తులున్న పదాల దగ్గర చదువు ఆగి ఆగి సాగింది'. ఇది ఆడపిల్లకూ మగపిల్లవాడికీ సరిపోతుంది. అయితే రిపోర్టంతా ఇలాగే రాస్తే మనిషి మాయమైపోతుంది. నిలవ వాక్యాలకే ఈ పద్ధతి. బిడ్డ గురించి మీరు కొత్తగా రాసే పేరాల్లో నవ్వింది, అలిగాడు, పెన్సిలు కింద పడేసి కిటికీ వైపు చూసింది అని మామూలుగానే రాయండి.

వెతకడంలోనూ ఒక ఉచ్చు. కిరణ్‌కు అన్నప్పుడు 'ణ్' తర్వాత కంటికి కనపడని ఒక అక్షరం ఉంటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. కొన్ని కీబోర్డులు దాన్ని పెడతాయి, కొన్ని పెట్టవు. అందుకే విభక్తితో సహా వెతికితే కొన్ని దొరకవు. ఫైండ్ బాక్సులో పేరులో మొదటి రెండు మూడు అక్షరాలే ఇచ్చి వెతకండి.

వాక్యాల్ని చిన్న గుర్తుతో విప్పే టెక్స్ట్ ఎక్స్‌పాండర్లు కూడా బాగా పనికొస్తాయి. ఆటోహాట్‌కీ విండోస్‌లో ఉచితం, ఎస్పాన్సో విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ ఉచితం. వర్డ్‌లోనే కాదు, ఈమెయిల్లోనూ పోర్టల్లోనూ ఎక్కడైనా పనిచేస్తాయి. ప్రతి గుర్తునూ సెమీకోలన్‌తో మొదలుపెట్టండి, లేకపోతే మామూలు మాట టైపు చేస్తుంటే మధ్యలో పేరా వచ్చి పడుతుంది. ఇరవై గుర్తులు దాటకండి. అంతకంటే ఎక్కువైతే గుర్తు కోసం వెతికే సమయమే రాసే సమయమంత అవుతుంది.

సూచనల భాగం దగ్గరే నాకు భయం. నిలవ పెట్టుకున్న సూచనలు ఎక్కువైన కొద్దీ ప్రతి రిపోర్టులో పద్దెనిమిది సూచనలు దిగుతాయి: ముందు బెంచీలో కూర్చోబెట్టాలి, అదనపు సమయం ఇవ్వాలి, మెచ్చుకోవాలి. నలభై మంది పిల్లలున్న టీచరు వాటిలో ఒక్కటీ చెయ్యలేరు. నా సూచనల బ్యాంకులో ప్రతి సూచన 'ఎందుకంటే' అనే మాటతో ఆగిపోతుంది, ఆ తర్వాత పసుపు ఖాళీ. అది ఈ బిడ్డ దగ్గర చూసినదానితోనే నిండాలి. 'లెక్కల పరీక్షకు అదనపు సమయం ఇవ్వండి, ఎందుకంటే సమయ పరిమితి లేని భాగంలో పన్నెండింటికి పదకొండు సరిగ్గా చేసింది, గడియారం పెట్టాక ఐదు కూడా పూర్తికాలేదు' అని రాయగలిగితే ఆ సూచన ఉంటుంది. రాయలేకపోతే తీసేస్తాను. ఇలా సూచనలు ఐదారుకు తగ్గుతాయి, అవి అమలవుతాయి కూడా.

డిక్టేషన్ వాడండి, కానీ రిపోర్టు మొత్తానికి కాదు. బిడ్డ గది దాటి వెళ్లిన ఐదు నిమిషాల్లోపు, చూసినదంతా వాళ్లమ్మకు చెబుతున్నట్టు నోటితో చెప్పేయండి. రిపోర్టులో చివర వచ్చే సారాంశానికి మూలం అదే. నేను సారాంశాన్నే ముందు రాస్తాను. ఏం చెప్పాలో తేలాక మిగతా భాగాల్లో ఏది ఉంచాలో ఏది వదిలెయ్యాలో చిటికెలో తెలుస్తుంది. మొదటి పేజీ నుంచి వరసగా రాసేవాళ్లు చివరిదాకా ఏం చెప్పాలో తేల్చుకోకుండానే నడుస్తుంటారు, సాయంత్రాలు కరిగిపోయేది అక్కడే. గూగుల్ డాక్స్ వాయిస్ టైపింగ్ తెలుగునూ తీసుకుంటుంది. మాటలు బయటి సర్వరుకు వెళతాయి కాబట్టి పేరు, బడి, ఊరు నోటితో చెప్పకండి.

ఏఐ విషయానికొస్తే, స్కోర్లు ఇచ్చి రిపోర్టు రాయమంటే అది రాస్తుంది. చూడని బిడ్డ గురించి చూసినట్టే రాస్తుంది. ఒకసారి కల్పిత స్కోర్లతో నేనే పరీక్షించాను. 'సూచనలు మళ్లీ చెప్పమని తరచూ అడిగింది' అనే వాక్యం వచ్చింది. అటువంటిదేమీ నేను ఇవ్వలేదు. వర్కింగ్ మెమరీ (విన్నది కాసేపు బుర్రలో నిలుపుకునే శక్తి) స్కోరు తక్కువగా ఉంది కాబట్టి అలా జరిగి ఉంటుందని అల్లుకుంది. నిజమనిపించే అబద్ధం అది, అలసిపోయిన రాత్రి పదింటికి మనం గమనించం. నేను దానికిచ్చే పని వేరు. నేను రాసిన పేరాలో పేరూ తేదీలూ తీసేసి, వాక్యాలు ఎక్కడ బరువుగా ఉన్నాయో, ఒకచోట చెప్పినదానికి ఇంకోచోట చెప్పింది అడ్డొస్తోందా అని అడుగుతాను. ఆ పని బాగానే చేస్తుంది. అదీ మీ నియమాలు, మీరు కుటుంబం నుంచి తీసుకున్న అనుమతి ఒప్పుకుంటేనే.

కొనే సాఫ్ట్‌వేర్లలో పరీక్షల ప్రచురణకర్తలే ఇచ్చే స్కోరింగ్ ప్రోగ్రాములకు డబ్బు పెట్టడం సబబే, కూడికల తప్పులు తగ్గుతాయి. అవి ముద్రించే వ్యాఖ్యాన పేరాలను మాత్రం రిపోర్టులోకి దించకండి. ఆ స్కోరు వచ్చిన ఎవరికైనా అవే వాక్యాలు వస్తాయి.

టెంప్లేటుకు ఒక తేదీ వెయ్యండి, ఏడాదికోసారి మొదటి నుంచి చివరిదాకా చదవండి. నిలవ పేరాలు చెప్పకుండా పాతబడతాయి. మానసిక రుగ్మతల నిర్ధారణకు వాడే డీఎస్ఎం-5 2013లో వచ్చింది, దాని సవరించిన కూర్పు 2022లో. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా ఐసీడీ-11 2022 జనవరిలో అమల్లోకి వచ్చింది. ప్రతిసారీ కొన్ని నిర్ధారణల పేర్లు మారాయి. డీఎస్ఎం-5 తీసేసిన యాస్పర్గర్స్ (ఆటిజంలో ఒక రకానికి ఉన్న పాత పేరు) అనే మాట 2013 తర్వాత కూడా కొందరి టెంప్లేటుల్లో ఏళ్లతరబడి ఉండిపోవడం నేను చూశాను.

పంపే ముందు నేను చేసే తనిఖీ పావుగంట పడుతుంది. నక్షత్రం గుర్తు కోసం వెతుకుతాను. అంతకుముందు రాసిన రెండు రిపోర్టుల పిల్లల పేర్లు వెతుకుతాను. కంట్రోల్ ఏ, ఎఫ్9తో ఫీల్డులు తాజా చేస్తాను. టేబులులో ప్రతి అంకెనూ ఒరిజినల్ ఫారం పక్కన పెట్టి వేలితో చూపిస్తూ చదువుతాను. సారాంశాన్ని గట్టిగా చదువుకుంటాను. చివరిగా ఫైల్ మెనూలో ఇన్ఫో తెరిచి టైటిల్ చూస్తాను. టెంప్లేటు మొదటిసారి చేసినప్పటి పేరు అక్కడ ఉండిపోతే, పీడీఎఫ్ తెరిచినప్పుడు పైన ట్యాబులో అదే కనపడుతుంది. లోపలంతా సరిగ్గా ఉండి, పైన వేరే బిడ్డ పేరుతో ఉన్న పీడీఎఫ్ నా చేతికే ఒకసారి వచ్చింది.

పేరుకుపోయిన ఆ పది రిపోర్టుల గురించి. టెంప్లేటు పూర్తిచేశాక అవి మొదలుపెడదామని ఆగకండి, ఆ కుటుంబాలు ఎదురుచూస్తున్నాయి. ఈరోజు స్కోర్ల షీటు ఒక్కటే చెయ్యండి, రెండు గంటలు పడుతుంది. రేపు అన్నింటికంటే పాత రిపోర్టు తీయండి. అది రాస్తున్నప్పుడు, ఇంకో బిడ్డకు కూడా యథాతథంగా పనికొస్తుందనిపించిన పేరా తగలగానే అక్కడే ఆల్ట్, ఎఫ్3 నొక్కి దాచుకోండి. మొదటి రిపోర్టులో అలాంటివి నాలుగైదు దొరుకుతాయి, రెండోదానిలో రెండో మూడో. పదోది పంపేసరికి టెంప్లేటు దానంతటదే తయారై ఉంటుంది. స్కోర్ల షీటులో ఏ గడికైనా ఫార్ములా కుదరకపోతే పరీక్ష పేరు, స్కోరు రకం ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.